మాట రాని బచ్చా, జబాన్ తెలియని దఫ్తర్

"మాటలు తిరిగి తిరిగి అంటాడా?" అని అడిగారు డాక్టరమ్మ.

భాభీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నై మేడం, బాహర్ నై ఫిర్తా. ఘర్ మేంచ్ రహ్తా" అంది.

డాక్టరమ్మకు ఉర్దూ రాదు. కానీ 'నై' అంటే ఏమిటో తెలుసు. 'అరుదుగా' అన్న గడి మీదికి పెన్ను పోయింది.

పక్కన నేనున్నాను కాబట్టి ఆపాను. భాభీ చెవిన పడింది 'తిరిగి తిరిగి' ఒక్కటే. మండి బజార్ తెలుగులో తిరగడం అంటే గల్లీలు పట్టుకుని తిరగడమే. పిల్లవాడు ఆవారాగా తిరుగుతాడా అని అడుగుతున్నారనుకుంది, తన బిడ్డ అలాంటివాడు కాదని వకాల్తా పుచ్చుకుంది. నేను ఉర్దూలో మళ్ళీ అడిగితే ఆమె మొహం మారిపోయింది. "హౌ భాయ్, వో తో దిన్ భర్ బోల్తా. టీవీ మే సాబున్ కా యాడ్ ఆతా నా, వోచ్ వోచ్." పొద్దున లేచిన దగ్గర్నుంచి సబ్బు ప్రకటనలోని ఒకే ఒక్క వాక్యం. దాహం వేసినా అదే, నిద్ర వచ్చినా అదే, దెబ్బ తగిలినా అదే. పెన్ను ఈ చివరి గడి నుంచి ఆ చివరి గడికి పోయింది.

ఇది ఎక్కడ జరిగిందో రాయను. ఆ డాక్టరమ్మ మంచి మనిషి. ఆరోజు ఆమె గది బయట లైను వరండా దాటి మెట్ల దాకా ఉంది. అయినా "అయితే మొదటి నుంచి అడుగుదాం" అని కాగితం వెనక్కి తిప్పారు. పిల్లవాడి పేరు కూడా రాయను, చోటూ అనుకుందాం. ఆరేళ్ళు. వాళ్ళ అబ్బా ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. నాగా పెడితే ఆ రోజు కూలీ పోతుంది. అందుకే "భాయ్, ఆప్ జాకే ఆవో" అని నన్ను పంపాడు. తోడుగా భాభీ సాస్ కూడా వచ్చారు.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగులో. రెండు జబాన్ల మధ్య నిలబడి బతకడమే నా పేషా. ఆ రోజు ఒక్క పూట తర్జుమా చేస్తే ఒక పిల్లవాడి కాగితం సరిగ్గా పడింది. నేను వెళ్ళకపోయి ఉంటే? ఈ సవాల్ అప్పటి నుంచి నన్ను వదలడం లేదు.

ఆ నలభై ప్రశ్నల ఫారం పేరు ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం. తయారైంది మన సికింద్రాబాద్‌లోనే, బోయిన్‌పల్లి పక్కన మనోవికాస్ నగర్‌లో. 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా మొదలై ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ పేరుతో నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. కాజీపేటలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నంలోపు ఆ గేటు ముందు ఉండవచ్చు. ఒక్కో ప్రశ్నకు ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేస్తారు. మొత్తం 70కి తగ్గితే ఆటిజం లేనట్టు లెక్క. 70 నుంచి 106 దాకా తక్కువ స్థాయి, 107 నుంచి 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. డాక్టరు పిల్లవాణ్ణి చూసి, ఆడించి కొంత రాస్తారు. మిగిలింది ఇంట్లోవాళ్ళు చెప్పాలి. ఆటిజాన్ని తేల్చే రక్త పరీక్ష లేదు, స్కానింగ్ లేదు. అమ్మ నోటి మాటే ఇక్కడ ఎక్స్‌రే. ఆ మాట తప్పుగా దిగితే నాలుగైదు గడులు అటూ ఇటూ అవుతాయి, ఒక బిడ్డ సర్టిఫికెట్ అవతలి ఒడ్డున పడిపోతుంది.

ఇంకో విచిత్రం చూడండి. దరఖాస్తు, దాఖలా, మంజూరు, రసీదు, హాజరు, జిల్లా, తహసీల్దారు, చివరికి 'హక్కు' కూడా. దఫ్తర్‌లో తెలుగు మాట్లాడితే సగం మాటలు మన ఇంటి నుంచి పోయినవే. ఆ మాటలన్నీ అక్కడ దర్జాగా కుర్చీలో కూర్చున్నాయి. వాటిని పుట్టించిన జబాన్ మాట్లాడే తల్లి మాత్రం కౌంటర్ ముందు మూగదానిలా నిలబడుతుంది.

ఆటిజం మీద మన దేశంలో హక్కు అనేదే చాలా ఆలస్యంగా వచ్చింది. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. ఆటిజం వాటిలో లేదు. ఆ రోజుల్లో ఇలాంటి పిల్లలకు సర్టిఫికెట్ అంటూ దొరికితే బుద్ధిమాంద్యం ఖాతాలోనే. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం మొదటిసారి ఆటిజం పేరు తీసింది. 2016 చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచి అందులో ఆటిజాన్ని చేర్చింది. నలభై శాతం, ఆపైన ఉన్న పిల్లలకు ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత చదువు హక్కు అని రాసింది. కాబట్టి చోటూ కోసం భాభీ అడుగుతున్నది ఖైరాత్ అనుకునేవాళ్ళు ముందు ఈ తేదీలు చదువుకోవాలి. మన పెద్దమనుషుల్లో కూడా చాలామంది అలాగే అనుకుంటున్నారు.

సర్కార్ ఏమీ చేయడం లేదని నేననను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని చూసే సంచార వైద్య బృందాలున్నాయి. వాళ్ళు పంపిన పిల్లల్ని చూడటానికి జిల్లా స్థాయిలో డీఈఐసీ అనే సత్వర చికిత్సా కేంద్రం ఉంటుంది, మనకైతే ఎంజీఎంలో. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి పరీక్షలు చేసి మాటలు నేర్పే థెరపిస్టు, సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ అందరూ ఒకే కప్పు కింద ఉండాలన్నది ఆ కేంద్రాల ఖాకా. మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. బడికి రాలేని పిల్లవాడి ఇంటికే వెళ్ళి చదువు చెప్పే ఏర్పాటూ ఉంది. వైకల్య పింఛను 2023 జూలై నుంచి నెలకు 4,016 రూపాయలు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో ఏటా లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు వస్తుంది, థెరపీ కూడా అందులో ఉంది. కట్టాల్సింది కొన్ని వందలు.

ఇన్ని ఉన్నాయి. మరి మన గల్లీల్లో పిల్లలు నాలుగేళ్ళు, ఐదేళ్ళు, కొందరు పదేళ్ళు వచ్చే దాకా ఎందుకు కనబడకుండా పోతున్నారు?

ఒక కారణం ఆ బృందాలు వెళ్ళే దారిలోనే ఉంది. ఆరేళ్ళలోపు పిల్లల్ని అవి అంగన్‌వాడీలో చూస్తాయి, ఆ తర్వాత సర్కారీ, ఎయిడెడ్ బడుల్లో చూస్తాయి. మన పిల్లలు ఎక్కడున్నారు? అంగన్‌వాడీకి పంపడం మనకు అలవాటు తక్కువ. మూడేళ్ళు రాగానే గల్లీ చివర రెండు గదుల ఇంగ్లీష్ మీడియం స్కూలు, సాయంత్రం మక్తబ్‌లో అలిఫ్ బే. కొందరు పూర్తిగా మదర్సాలో. ఆ స్కూలుకు బృందం రాదు, మదర్సా సంగతి చెప్పనక్కర్లేదు. స్కూలువాళ్ళు ఆరు నెలలు చూసి "మీ వాడు కూర్చోవడం లేదు, వచ్చే ఏడాది తీసుకురండి" అని ఫీజు రసీదుతో సహా పంపేస్తారు. వచ్చే ఏడాది ఇంకో స్కూలు. మౌల్వీ సాబ్ ఓపికమంతుడైతే ఒక మూల కూర్చోబెడతాడు, అంతే. ఎక్కడా ఒక కాగితం పుట్టదు. మన బస్తీల్లో ఈ బీమారీ తక్కువ అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. లెక్కపెట్టే మనిషి మన గుమ్మం తొక్కనే లేదు.

(బీమారీ అని అలవాటుగా రాసేశాను. ఆటిజం బీమారీ కాదు, మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా. కొట్టేయకుండా ఉంచుతున్నాను, నా నోటికి కూడా తప్పుడు మాటే ముందు వస్తుందని మీకు తెలియాలి.)

రెండో కారణం మనమే. చోటూకి రెండేళ్ళప్పుడు భాభీకి అనుమానం వచ్చింది. పేరు పెట్టి పిలిస్తే చూడడు. ఫ్యాన్ వైపు చూస్తాడు. "చందామామ ఏదీ" అంటే వేలు పెట్టి చూపించడు, అమ్మ చెయ్యి పట్టుకుని ఆ చేత్తో గిన్నె తీయిస్తాడు. సాస్ కొట్టిపారేశారు. "లడ్కే దేర్ సే బోల్తే. ఇస్కా బాప్ భీ చార్ సాల్ కో బోలా." మూడేళ్ళకు నజర్ అన్నారు, మిరపకాయలు తిప్పారు. నాలుగేళ్ళకు అసర్ అన్నారు. దమ్ చేయించారు, తావీజ్ కట్టారు. ఉర్సు దర్గాకూ, కాజీపేట దర్గాకూ గురువారం గురువారం తిప్పారు. నేను దర్గాలకు దూరం జరిగిన మనిషిని కాను, నా కష్టాల్లో నేనూ పోయి కూర్చుంటాను. దువా చేయొద్దని ఎవరంటారు? కానీ ఏడాది దాటినా పేరుకు పలకకపోతే, ఏడాదిన్నర దాటినా వేలు పెట్టి చూపించకపోతే, వచ్చిన రెండు మాటలు కూడా పోతే, ఆ గురువారానికి ముందు వచ్చే బుధవారం డాక్టర్‌కు చూపించాలి. మొదట చెవులు పరీక్ష చేయించాలి. ఆటిజానికి దవా లేదు, తాలీమ్ ఉంది. ఆ తాలీమ్ రెండేళ్ళకు మొదలుపెట్టడానికీ ఆరేళ్ళకు మొదలుపెట్టడానికీ ఉన్న తేడా ఏ తావీజూ పూడ్చదు.

తావీజ్ వాళ్ళను మాత్రమే అనడం అన్యాయం అవుతుంది. సూటు వేసుకుని ఇలాజ్ అమ్మేవాళ్ళు ఇంకా ఖరీదు. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే మాటలొస్తాయని లక్షలు గుంజేవాళ్ళున్నారు. ఆటిజానికి ఆ వైద్యం సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. గోల్డ్ అమ్ముకునే ముందు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఇక షర్మ్ సంగతి. ఇది రాయడానికి చేతులు రావు, రాయకపోతే రాసి ప్రయోజనం లేదు. చోటూకి ఒక బాజీ ఉంది, ఇంటర్ చదువుతోంది. సర్టిఫికెట్ మాట ఎత్తగానే సాస్ అన్న మొదటి మాట: "కాగజ్ బన్ గయా తో బచ్చీ కా రిష్తా కౌన్ లాతా?" కాగితం తయారైతే ఖాందాన్‌లో ఐబ్ ఉందని ముద్ర పడుతుందట. కాగితం లేకపోతే లేనట్టేనట. ఇదే భయంతో షాదీలకు చోటూని తీసుకుపోరు. షాదీఖానాలో మైకు మోతకు చెవులు మూసుకుని కింద పడి ఏడుస్తాడు, అందరూ చూస్తారు. అందుకని ఎవరో ఒకరు ఇంట్లో ఉండిపోవాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ భాభీయే. ఆరేళ్ళలో ఆమె చూసిన వలీమాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మా ముహల్లాలో ఇలాంటి తల్లులు ఇంకా ఉన్నారని ఆమెకు తెలియదు, వాళ్ళకు ఆమె సంగతి తెలియదు. అందరూ తలుపులు వేసుకునే ఉన్నారు.

ఖుర్‌ఆన్‌లో అబస అని ఒక సూరా ఉంది. కళ్ళు లేని సహాబీ ఒకరు మాట్లాడటానికి వచ్చినప్పుడు జరిగిన సంగతి మీద దిగింది. ఆయన పేరు అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్. తర్వాత ఆయన మదీనాలో అజాన్ ఇచ్చారు. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఊళ్ళో లేనప్పుడు మదీనా బాధ్యత ఆయనకు అప్పగించిన సందర్భాలున్నాయి. మన ఖుత్బాల్లో ఈ కథ చాలాసార్లు విన్నాను. అదే మస్జిద్‌లో ఫ్యాన్ చూస్తూ చప్పట్లు కొట్టే పిల్లవాణ్ణి తండ్రి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోవడం కూడా చూశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జబాన్.

చోటూ లాంటి పిల్లలకు మాటలు నేర్పే చోట భాభీకి ఒక సలహా ఇచ్చారు: "ఇంట్లో ఒకే భాష మాట్లాడండి. తెలుగే మాట్లాడండి. రెండు భాషలైతే పిల్లవాడు కన్ఫ్యూజ్ అవుతాడు." ఈ సలహా ఒక్క చోటిది కాదు, సర్కారీ అయినా ప్రైవేటు అయినా నేను కలిసిన నలుగురు తల్లులకూ ఇదే చెప్పారు. చెప్పినవాళ్ళది చెడు ఉద్దేశం కాదు. అక్కడ 'నీళ్ళు' అని నేర్పుతారు, ఇంట్లో 'పానీ' అంటారు, స్కూల్లో 'వాటర్' అంటారు. ఒక్క గ్లాసుకు మూడు పేర్లు. వినడానికి సలహా సబబుగానే ఉంది.

కానీ భాభీకి వచ్చిన తెలుగు ఎంత? కూరగాయల ధర అడిగేంత. ఆ తెలుగుతో బిడ్డకు లోరీ పాడలేదు, బుజ్జగించలేదు, కోప్పడలేదు, కథ చెప్పలేదు. డాక్టర్ మాట విని ఆమె ఉర్దూ మానేసింది. తెలుగు రాదు. అంటే ఏం జరిగింది? మాట రాని పిల్లవాడి ఇంట్లో అమ్మ కూడా మాట మానేసింది. దాదాపు ఏడాది. "గలత్ బోల్ దేతీ కీ డర్‌తీ భాయ్" అంది నాతో. తప్పు మాట్లాడితే బిడ్డ పాడైపోతాడేమోనని భయం. ఈ ఒక్క వాక్యం విన్నాక నేను ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

రెండు భాషల ఇళ్ళల్లో పెరిగే ఆటిజం పిల్లల మీద పలు దేశాల్లో పరిశోధనలు జరిగాయి. రెండు భాషలు వినడం వల్ల వాళ్ళ మాటలు ఇంకా వెనకబడ్డాయని అవి చూపలేదు. ఏ భాషలో అమ్మ మనసు విప్పి మాట్లాడగలదో అదే భాషలో బిడ్డతో మాట్లాడాలన్నది ఇవాళ థెరపిస్టుల లోకంలో కొత్త మాట ఏమీ కాదు. మన దగ్గరికి ఇంకా చేరలేదు, అంతే. అమ్మలకు నా విన్నపం: ఉర్దూ అయితే ఉర్దూ, తెలుగు అయితే తెలుగు, మీ నోటికి తేలికైనదే మాట్లాడండి. పల్లెల నుంచి వచ్చిన మన ఇళ్ళల్లో చాలా చోట్ల తెలుగే అమ్మ భాష. వాళ్ళెవరూ బలవంతంగా ఉర్దూకు మారాల్సిన పని లేదు. ఈ రోగం కూడా మనలో ఉంది, పెద్ద స్కూలుకు పంపుతున్నామని ఇద్దరు తల్లిదండ్రులూ రాని ఇంగ్లీషులో బిడ్డతో మాట్లాడటం.

సర్కార్‌కు చెప్పాల్సింది వేరే ఉంది. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాష చేస్తూ చట్టం సవరించారు. తర్వాత కలెక్టరేట్లకు ఉర్దూ అధికారులను కూడా నియమించారు. ఆ అధికారి ముందుకు ఎలాంటి కాగితాలు పోతున్నాయో నాకు పేషా వల్ల కొంత తెలుసు. ఎక్కువగా ఆహ్వాన పత్రాలు, శిలాఫలకాలు, దరఖాస్తులు. నేను అడిగేది ఒకటే. వైకల్య నిర్ధారణ శిబిరం ఉన్న రోజు ఆ అధికారినో, ఉర్దూ తెలిసిన ఒక ఏఎన్ఎంనో, టీచర్‌నో ఆ గదిలో కూర్చోబెట్టండి. ఆ నలభై ప్రశ్నలు ఏమిటో తల్లికి అర్థమయ్యే ఉర్దూలో, దఫ్తరీ ఉర్దూ కాకుండా మన దక్నీలో, ముందే రాసి గోడకు అంటించండి. కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, కొత్త పోస్టు అక్కర్లేదు. ఇదే మాట ములుగు అడవుల్లో కోయ మాట్లాడే తల్లికీ, మహబూబాబాద్ తండాల్లో లంబాడీ మాట్లాడే తల్లికీ వర్తిస్తుంది. వాళ్ళ బిడ్డల కాగితాల్లో ఎన్ని 'తిరిగి తిరిగి'లు తప్పు పడ్డాయో.

ఇంకో చిక్కు మన ఊరిది. నగరం ఒకటే, జిల్లాలు రెండు. 2016లో పాత వరంగల్ ఐదు ముక్కలైంది, 2019లో ములుగు విడిపోయింది, 2021లో అర్బన్, రూరల్ పోయి హనుమకొండ, వరంగల్ వచ్చాయి. మనకు ఇది పేర్ల గొడవ. భాభీకి ఇది నాలుగు ఆటో ఛార్జీలు. ఆమె ఆధార్ ఇంకా కాజీపేట పుట్టింటి చిరునామాతోనే ఉంది, ఉండేది మండి బజార్‌లో. ఒక చోట "మీది ఆ జిల్లా" అన్నారు, ఆ జిల్లాలో "ఉంటున్నది అక్కడ కదా" అన్నారు. మహాలక్ష్మి పుణ్యమా అని బస్సులో ఆమెకు టికెట్ లేదు. కానీ చోటూ బస్సులో పది నిమిషాలు కూర్చోడు, కిటికీలోంచి దూకబోతాడు. అందుకని ఆటోయే.

అమెరికాలో ఉన్న నా స్కూలు దోస్త్ ఒకడు ఫోన్‌లో చెప్పిన సంగతి ఇక్కడ రాయాలి. వాడుండేది కాలిఫోర్నియా, కొడుక్కి ఆటిజం. అక్కడ 1969 నాటి లాంటర్‌మన్ చట్టం కింద రాష్ట్రమంతా కలిపి 21 ప్రాంతీయ కేంద్రాలు నడుస్తున్నాయి. ఖర్చు ప్రభుత్వానిది. ఏ చిరునామా ఏ కేంద్రం కిందికి వస్తుందో ముందే ఖరారై ఉంటుంది. ప్రతి కుటుంబానికీ ఒక కోఆర్డినేటర్. థెరపీ, స్కూలు, రేపు పెద్దయ్యాక పని, ఇల్లు, అన్నిటికీ ఆ మనిషినే అడగాలి. మీటింగ్‌కు దుబాసీని అడిగితే ఇస్తారు. పద్దెనిమిదితో ఆగదు, జిందగీ మొత్తం. అక్కడ స్వర్గం ఉందని మా వాడు అనలేదు. ఇంగ్లీషు రాని కుటుంబాల మీద తక్కువ ఖర్చు పెడుతున్నారని అక్కడా ఏళ్ళ తరబడి గొడవే. కానీ ఆ గొడవకు ఆధారం ఉంది. ఏ జాతివారికి, ఏ భాషవారికి ఎంత ఖర్చు పెట్టారో ప్రతి కేంద్రం ఏటా బయటపెట్టాలని అక్కడి చట్టం. మన దగ్గర సర్టిఫికెట్ మీద తల్లి మాతృభాష అనే ఒక్క గడి ఉంటే చాలు, ఎవరు రావడం లేదో తెలిసిపోతుంది.

కోఆర్డినేటర్ లాంటి మనిషి మన దగ్గర లేడా అంటే, సగం ఉన్నాడు. భవిత కేంద్రాల్లో పనిచేసే ఐఈఆర్పీలు. పిల్లల ఇళ్ళు తెలిసినవాళ్ళు, తల్లుల ఫోన్ నంబర్లు దగ్గరున్నవాళ్ళు వాళ్ళే. కానీ అందరూ కాంట్రాక్టు మీద. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మె చేసినప్పుడు కలెక్టరేట్ల ముందు టెంట్లలో కూర్చున్నది వీళ్ళు కూడా. ఇలాంటి పిల్లవాడికి రోజువారీ అలవాటు తప్పితే నెల రోజుల్లో నేర్చినది పోతుంది. అయినా నేను సమ్మెను తప్పు పట్టను. 2021లో సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పది మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలంది, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. ఆ టీచర్ ఉద్యోగం పర్మనెంట్ కాకపోతే ఆ లెక్కకు అర్థం ఏముంటుంది?

పెద్దల్లో ఒక వాదన ఉంది. సర్కార్ చుట్టూ తిరగడం ఎందుకు, జకాత్ ఉంది, అంజుమన్‌లున్నాయి, మన పిల్లల్ని మనమే చూసుకుందాం. రంజాన్‌లో ప్రైవేటు థెరపీకి జకాత్ అడిగే తల్లులు వస్తూనే ఉన్నారు, ఇచ్చేవాళ్ళూ ఇస్తున్నారు, అల్లాహ్ కబూల్ చేయాలి. కానీ గంటకు ఇంత అని కట్టే థెరపీకి జకాత్ మూడు నెలలు వస్తుంది. నాలుగో నెల? ఈ పిల్లవాడికి కావాల్సింది ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళు నడవాలంటే బడ్జెట్‌లో గీత ఉండాలి, చందా డబ్బా చాలదు. జకాత్ డబ్బు ఆటో ఛార్జీకి వాడండి, ఆ రోజు పోయే హమాలీ కూలీకి వాడండి. సర్కారీ గుమ్మం దాకా పోవడానికి వాడండి. మన మస్జిద్ కమిటీల్లో చదువుకున్న కుర్రవాడు ఒకడు జుమా తర్వాత గంట కూర్చుని ఫారాలు నింపినా చాలు.

తల్లుల అసలు భయం నేను ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. "మేరే బాద్ కౌన్?" నా తర్వాత ఎవరు. పద్దెనిమిది నిండగానే బాల స్వాస్థ్యం అయిపోతుంది, భవిత అయిపోతుంది. చట్టం ముందు అతను పెద్దవాడు, కన్న తండ్రి కూడా తనంతట తాను వలీ కాడు. బ్యాంకు ఖాతా, తాత రాసిన స్థలం, ఆపరేషన్ మీద సంతకం, ఏదీ కుదరదు. దీనికి నేషనల్ ట్రస్ట్ చట్టంలో దారి ఉంది. కలెక్టర్ అధ్యక్షుడిగా జిల్లాలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, దరఖాస్తు చేస్తే వలీని నియమిస్తుంది. కోర్టు, వకీల్ అక్కర్లేదు. పెద్దయ్యాక పగటిపూట చూసుకునే వికాస్, కొద్ది రోజులు ఉంచుకునే సమర్థ్, ఉండటానికి చోటిచ్చే ఘరౌందా అని పథకాలూ రాసి ఉన్నాయి. ఘరౌందా మన మాటే, చిన్న ఇల్లు. ఆ పేరు విన్న తల్లి మా గల్లీల్లో నాకు ఇంకా తారసపడలేదు.

భాభీ మళ్ళీ చోటూతో ఉర్దూలో మాట్లాడుతోంది. మొదటి రెండు రోజులు గుసగుసగా మాట్లాడిందట, ఎవరైనా వింటారేమోనని. సర్టిఫికెట్ ఇంకా రాలేదు. సాస్ ఇంకా ఒప్పుకోలేదు, కానీ శిబిరానికి తోడు వచ్చింది ఆమే, లైన్లో మూడు గంటలు చోటూని ఎత్తుకుంది కూడా ఆమే.

సోమవారం ప్రజావాణికి పోతున్నాం. శిబిరం గదిలో ఉర్దూ తెలిసిన మనిషి కావాలని ఒకే పేజీ దరఖాస్తు, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. చిరునామా గొడవ తేలలేదు కాబట్టి పొద్దున వరంగల్ కలెక్టరేట్, అక్కడ అయిపోగానే హనుమకొండ కలెక్టరేట్. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి పిల్లలుంటే రండి. పిల్లవాడి ఆధార్ నకలు, మీ ఆధార్ నకలు, రేషన్ కార్డు నకలు, రెండు ఫోటోలు, డాక్టర్ రాసిన చీటీ ఏదైనా ఉంటే అది తెచ్చుకోండి. పిల్లవాణ్ణి తీసుకురానక్కర్లేదు, అక్కడ మైకు మోత ఎక్కువ.